ఐసీ మీద అనుమానం వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ పత్రిక తెరిస్తే చాలు, ఏదో ఒక పేజీలో చిప్ ఫ్యాక్టరీ వార్త కనబడుతోంది. ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు, ఎవరు శంకుస్థాపన చేశారు. సంతోషమే, కాదనను. కానీ ఆ చిప్పులు కొని బోర్డుల మీద అతికించుకుని బతికే నాలాంటి వాళ్ల తరఫున ఒక్క సంగతి ఎక్కడా కనబడలేదు. కొన్న చిప్‌లో లోపం ఉందని అనుమానం వస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఎలా చెప్పుకోవాలి, చెప్పుకుంటే వింటారా? దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలున్నంత వేయండి.

నాది చర్లపల్లి పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు. బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ బోర్డులు చేస్తాం. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ కొడితే పొలంలో మోటారు ఆన్ అవుతుందే, ఆ డబ్బా. మొత్తం తొమ్మిది మందిమి. మాకు చిప్ అన్న మాట పెద్దగా అలవాటు లేదు, అందరం ఐసీ అనే అంటాం.

2022 మార్చిలో 600 బోర్డుల కొత్త బ్యాచ్ బయటికి పంపాం. అప్పుడు ప్రపంచమంతా ఐసీల కరువు. మామూలుగా కొనే డీలర్ దగ్గర ఏడాది ఆగమన్నారు, అందుకని మధ్యవర్తి దగ్గర రెండింతల పైన ధర పెట్టి మైక్రోకంట్రోలర్లు, అంటే డబ్బాకు బుర్రలాంటి ఐసీలు, తెచ్చాం. సరుకు అసలుదే, నకిలీ కాదు, అది తర్వాత తేలింది. పది రోజులు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. దేవరకొండ వైపు నుంచి ఒక రైతు చేసిన ఫోన్ ఇప్పటికీ చెవిలో ఉంది: "సారూ, కరెంటొచ్చినా డబ్బా మేలుకుంటలేదు. వరి పొట్ట మీదుంది, మడి ఎండుతున్నది." నేను ఏమన్నానంటే, మీ ఊళ్లో వోల్టేజీ సరిగా లేదేమో, లైన్‌మన్‌కు చెప్పు, ఒకసారి ఆఫ్ చేసి పది నిమిషాలాగి వెయ్యి అన్నాను. వేశాడు, పనిచేసింది. మర్నాడు మళ్లీ అదే ఫోన్.

ఏప్రిల్ చివరికి 31 బోర్డులు వెనక్కి వచ్చాయి. తమాషా ఏమిటంటే షెడ్డులో పెడితే ఒక్కటీ మొరాయించదు. డాక్టరు గదిలోకి రాగానే రోగికి జ్వరం తగ్గినట్టు, టేబుల్ మీద పెట్టి కరెంటు ఇవ్వగానే ఎల్ఈడీ చక్కగా మిణుకుమంటుంది. మూడు వారాలు అలాగే పోయాయి. టెన్షన్‌తో నిద్ర లేదు. మా సోల్డరింగ్ అబ్బాయిని తిట్టాను, పాపం వాడి తప్పేం లేదు. ప్రోగ్రాం రాసిన కుర్రాడిని తిట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ సప్లయ్ చేసేవాడితో గొడవ పెట్టుకున్నాను.

చివరికి ఒక రాత్రి షెడ్డులోనే ఉండి, పల్లెలో కరెంటు ఎలా పోతుందో అలా పోగొట్టి చూశాం. మన ఊళ్లలో కరెంటు స్విచ్ తీసినట్టు ఒక్కసారిగా పోదు కదా. బల్బు ఎర్రబడుతుంది, కొట్టుకుంటుంది, పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. డిమ్మర్‌స్టాట్ తిప్పుతూ బోర్డుకిచ్చే వోల్టేజీని మెల్లగా దించి, వోల్టేజీ ఎలా ఆడుతోందో గీత గీసి చూపే ఆసిలోస్కోప్‌ను ఐసీ కాళ్ల దగ్గర పెట్టి చూస్తే దొరికింది. సప్లయ్ పూర్తిగా సున్నాకి పడిపోయి లేస్తే ఐసీ బుద్ధిగా మొదటి నుంచి మొదలవుతుంది. అదే ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ దాకా దిగి, పూర్తిగా పోకుండా, మళ్లీ నెమ్మదిగా పైకి వస్తే మాత్రం ఐసీ అటు చావదు, ఇటు బతకదు. సప్లయ్ నిండుగా ఉంటుంది, ఐసీని నడిపించే క్లాక్ ఆడదు, ఎల్ఈడీ వెలగదు. మేం తీసేసి పది నిమిషాలాగి వేస్తే పనిచేయడానికి కారణం కూడా అదే, అప్పటికి కెపాసిటర్‌లో ఉన్న కాస్త కరెంటు కూడా ఖాళీ అయిపోతుంది.

పాత బ్యాచ్ బోర్డుకు ఇదే పరీక్ష పెట్టాం. అది నిలబడింది. రెండు బోర్డులకూ డిజైన్ ఒకటే, ప్రోగ్రాం ఒకటే, ఐసీ పార్ట్ నంబర్ కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. తేడా ఒక్కటే, ఐసీ వీపు మీద రెండో వరసలో ఉండే అంకెలు. అప్పుడు చేసిన పని ఈ రంగంలో ఉన్న కుర్రాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. మొండికేసిన బోర్డు మీది ఐసీ తీసి పాత మంచి బోర్డు మీద పెట్టాం. మంచి బోర్డు మీది ఐసీని చెడ్డ బోర్డు మీద పెట్టాం. జబ్బు బోర్డుతో ఉండిపోతే తప్పు బోర్డుది, ఐసీతో పాటు వెళ్లిపోతే తప్పు ఐసీది. ఐదు జతలు మార్చి చూశాం. ఐదుసార్లూ జబ్బు ఐసీతో పాటే వెళ్లింది.

ఇంకేం, రాత్రి రెండు గంటలకు తయారీ కంపెనీ టెక్నికల్ సపోర్టుకు రాసేశాను. ఆ ఉత్తరం ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. "డియర్ సర్, యువర్ ఐసీ ఈజ్ నాట్ వర్కింగ్ ప్రాపర్లీ. అవర్ కస్టమర్స్ ఆర్ సఫరింగ్. ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్." అంతే. మూడు వారాల కష్టం, రాత్రంతా తీసిన ఆసిలోస్కోప్ ఫొటోలు, ఐదు జతల మార్పిడి, ఒక్కటీ అందులో లేదు. కోపం ఒక్కటే ఉంది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. డీకప్లింగ్ కెపాసిటర్ (సప్లయ్ కుదురుగా ఉండటానికి ఐసీ పక్కన పెట్టేది) ఉందా చూడండి, కంపైలర్ (రాసిన ప్రోగ్రాంను ఐసీ భాషలోకి మార్చేది) కొత్త వెర్షన్ వాడుతున్నారా, ఎక్కడ కొన్నారో బిల్లు పంపండి, ఏడాదికి ఎన్ని కొంటారు? నిజం చెప్తున్నాను, ఆ చివరి ప్రశ్న దగ్గర ఒళ్లు మండింది. ఏడాదికి మూడు వేలు కొంటానని రాస్తే చదివేవాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆ కోపంలో జవాబు రాయలేదు. వారం తర్వాత దానంతటదే ఇంకో మెయిల్ వచ్చింది, మీ నుంచి స్పందన లేనందున ఈ ఫిర్యాదు ముగిసింది, మా సేవ ఎలా ఉందో నక్షత్రాలు ఇవ్వండి అని.

ఇక్కడ ఆగి ఒక పాత కథ చెప్పాలి, ఎందుకంటే నాకు బుద్ధి వచ్చింది ఆ కథ వల్లే. 1994లో అమెరికాలోని వర్జీనియాలో, లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ ఉండేవాడు. కవల ప్రధాన సంఖ్యల మీద, అంటే 11, 13 లాగా రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జతల మీద, పరిశోధన. ఆ సంఖ్యల వ్యుత్క్రమాలను, అంటే 1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేవాటిని, కూడుతూ పోవడం ఆయన పని, దానికి కొన్ని కంప్యూటర్లు పెట్టుకున్నాడు, ఆ ఏడాది వాటిలో కొత్తగా వచ్చిన ఇంటెల్ పెంటియం చిప్ ఉన్న కంప్యూటర్ కూడా చేరింది. జూన్‌లో లెక్కలు కలవలేదు. మనమైతే ఏం చేస్తాం? కొత్త కంప్యూటర్ మీద విసుక్కుని పక్కన పెడతాం. ఆయన నాలుగు నెలలు కూర్చున్నాడు. తన ప్రోగ్రాం తప్పా, కంపైలర్ తప్పా, మదర్‌బోర్డు తప్పా, మెమరీ తప్పా అని ఒక్కొక్కటే పక్కకు తీస్తూ, వేరే పెంటియం మీద కూడా చేసి చూసి, చివరికి 1ని 824633702441తో భాగిస్తే పెంటియం తప్పు చెబుతోందని పట్టుకున్నాడు. అప్పుడు గానీ, అంటే అక్టోబర్ 24న గానీ, ఇంటెల్ టెక్నికల్ సపోర్టును అడగలేదు.

సరైన సమాధానం రాలేదు. ఆరు రోజులు చూసి, అక్టోబర్ 30న తనకు తెలిసిన కొద్దిమందికి మెయిల్ పెట్టాడు, మీ దగ్గర పెంటియం ఉంటే ఈ భాగహారం చేసి చూడండి అని. అది ఊరంతా పాకింది. ఇంకొకాయన, టిమ్ కో అనే ఇంజినీరు, మరీ కొట్టొచ్చినట్టు కనబడే లెక్క దొరకబుచ్చుకున్నాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావాలి, పెంటియం 1.3337 అంది. అంటే ఎక్కడో పదిహేనో దశాంశం దగ్గర కాదు, నాలుగో దశాంశం దగ్గరే తప్పు. కారణం చాలా చిన్నది. భాగహారం వేగంగా చేయడానికి చిప్ లోపల ఒక పట్టిక ఉంటుంది, మన ఎక్కాల పుస్తకం లాగా. అందులో ఉండాల్సిన విలువలు కొన్ని లేకుండా పోయాయి. ఆ గళ్ల జోలికి వెళ్లని లెక్కలన్నీ సరిగ్గానే వస్తాయి.

నాకు ఒళ్లు మండిన సంగతి ఏమిటంటే, ఈ లోపం ఆ వేసవిలోనే ఇంటెల్‌కు సొంతంగా తెలుసు. తెలిసి బయటికి చెప్పలేదు. గొడవ పెద్దదయ్యాక కూడా, మామూలు వాడికి 27,000 ఏళ్లకు ఒకసారి ఈ తప్పు ఎదురవుతుంది అంది. పెద్ద లెక్కలు చేసేవాళ్లమని నిరూపించుకుంటేనే చిప్ మారుస్తామంది. అంటే "నీకు అంత లెక్క అవసరమా?" అని అడగడమే కదా. డిసెంబర్‌లో ఐబీఎం తన పెంటియం కంప్యూటర్ల అమ్మకం ఆపేసింది, ఇంటెల్ దిగివచ్చి అడిగిన వాళ్లందరికీ మారుస్తామని ప్రకటించింది. మొత్తం మీద 47.5 కోట్ల డాలర్లు పద్దు రాసుకుంది. అక్టోబర్‌లో వచ్చిన ఆ ఒక్క ఫిర్యాదుకు, అవును మాకు తెలుసు, మారుస్తాం అని జవాబిచ్చి ఉంటే ఎంతలో పోయేదో.

అందరూ ఈ కథను కంపెనీ అహంకారానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. కానీ నాకు పట్టింది ఆ నాలుగు నెలలు. ఆయన ఫిర్యాదును ఎవరూ కొట్టిపారేయలేకపోయారు, ఎందుకంటే కొట్టిపారేయడానికి అందులో సందు లేదు. ఎవరైనా సరే తమ కంప్యూటర్ మీద ఒక్క నిమిషంలో చేసి చూసుకోవచ్చు.

సరే, నా కథకు వస్తాను. రెండోసారి రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈసారి కోపం తీసేశాను. ఐసీ పూర్తి పార్ట్ నంబర్, చివరి అక్షరాలతో సహా. వీపు మీద ఉన్న ప్రతి వరస, ఫొటోతో సహా. అందులో 2147 అని ఉంటే 2021వ సంవత్సరం 47వ వారంలో తయారైందని అర్థం, మొదటిసారి రాసినప్పుడు అది కూడా చెప్పలేదు. 600లో ఎన్ని పోయాయి, ఏ బ్యాచ్ నుంచి మొదలైంది, పాత తేదీ ఐసీలతో ఎందుకు లేదు, ఐదు జతల మార్పిడిలో ఏం తేలింది. వోల్టేజీ ఎంతకు దిగి ఎంతసేపట్లో లేస్తే పడిపోతోందో చూపించే ఆసిలోస్కోప్ బొమ్మ, అదీ ఐసీ కాలు దగ్గర తీసింది, ఎక్కడో బోర్డు చివర తీసింది కాదు. మా ప్రోగ్రాం మొత్తం కాదు, ఒక్క ఎల్ఈడీ ఆర్పి వెలిగించే ఇరవై లైన్ల ప్రోగ్రాం, దానితో కూడా పడిపోతోందని. ఇంగ్లిష్ గొప్పగా ఏం లేదు, చిన్న చిన్న వాక్యాలే. దాన్ని సపోర్టుకు పంపుతూనే, ఆ కంపెనీ సరుకు అమ్మే అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర బెంగళూరులో కూర్చుని కొన్నవాళ్ల సాంకేతిక సందేహాలు తీర్చే అప్లికేషన్ ఇంజినీర్‌కు కూడా పంపాను. ఆ నంబర్ మా పక్క షెడ్డాయన ఇచ్చాడు.

ఆ ఇంజినీర్ మర్నాడే ఫోన్ చేశాడు. రెండే ప్రశ్నలు. రెండో వరసలో చివరి అక్షరం ఏమిటి, బ్రౌన్ ఔట్ రీసెట్ ఆన్‌లో ఉందా? మొదటిదానికి చదివి చెప్పాను. రెండోదానికి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

ఎందుకంటే అది మేమే ఆఫ్ చేశాం. బ్రౌన్ ఔట్ రీసెట్ అంటే సప్లయ్ ఒక స్థాయి కంటే దిగితే ఐసీ తనంతట తాను ఆగి, సప్లయ్ బాగుపడ్డాక మళ్లీ మొదలయ్యే ఏర్పాటు. మా డబ్బాలో ఫోన్ సిగ్నల్ అందుకునే జీఎస్ఎం మాడ్యూల్ ఉంటుంది. అది సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారిగా రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ దెబ్బకు సప్లయ్ కుంగి ఐసీ మాటిమాటికీ రీసెట్ అయ్యేది. దానికి మందు సప్లయ్ బాగుచేయడం. మేం చేసింది రీసెట్ ఆపేయడం. పొగ వస్తోందని అలారం వైరు పీకేసినట్టు. పాత ఐసీ రకం ఎలాగో నెట్టుకొచ్చింది, కొత్త రకం నెట్టుకురాలేదు.

కొత్త రకం అన్నానే, అదీ సంగతి. కంపెనీ ఆ ఐసీ లోపలి డిజైన్‌ను కొంచెం మార్చింది. పార్ట్ నంబర్ మార్చలేదు, వీపు మీద ఒక అక్షరం మారింది, అంతే. మారిన దాంట్లో సప్లయ్ ఒక స్థాయి కిందికి పూర్తిగా దిగకుండా లేస్తే మొదలవకపోవచ్చని, అందుకని బ్రౌన్ ఔట్ రీసెట్ తప్పక వాడమని తమ ఎర్రాటా షీట్‌లో రాశారు. పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది చూడండి, ఐసీలకూ అలాంటిది ఉంటుంది. డేటాషీట్‌లో, అంటే ఐసీ వివరాల పుస్తకంలో, ఏం చెప్పాం, నిజానికి ఐసీ ఏం చేస్తోంది అని కంపెనీ తానే ఒప్పుకుని రాసుకునే కాగితం. అది మేం సరుకు కొనడానికి చాలా ముందే వెలువడింది. మేం డేటాషీట్ ఒక్కటే దింపుకుని, దాన్ని కూడా సగమే చదివి డిజైన్ చేశాం.

మరి తప్పెవరిది? మా ఆవిడ అడిగింది ఇదే ప్రశ్న. చెరి సగం అన్నాను. చదవకపోవడం, రీసెట్ ఆపేయడం మా తప్పు, ఒప్పుకుంటాను. కానీ సపోర్టులో మొదటి జవాబు రాసిన మనిషి వాళ్ల సొంత తప్పొప్పుల పట్టిక లింకు ఒక్కటి పెట్టినా నాకు నెల రోజులు కలిసొచ్చేవి. డిజైన్ మారిస్తే కొనేవాళ్లకు మార్పు నోటీసు పంపాలి, పంపుతారు కూడా, కానీ నేరుగా కొనే పెద్దవాళ్లకే అది చేరుతుంది. మధ్యవర్తి దగ్గర కొన్న మాకు ఎవరు పంపుతారు? కరువు రోజుల్లో మధ్యవర్తి దగ్గర కాక ఇంకెక్కడ కొంటాం?

ఐదు ఐసీలు పరిశీలనకు పంపమన్నారు. ఇది మాత్రం చాలా శ్రద్ధగా చేశారు, మెచ్చుకోవాలి. ముందు పైకి చూస్తారు, తర్వాత ఎక్స్‌రే, తర్వాత ఒక్కో కాలికీ వోల్టేజీ ఇచ్చి కరెంటు ఎలా పారుతోందో మంచి ఐసీతో పోల్చి చూస్తారు. అప్పటికీ తేలకపోతే ఆమ్లంతో పైనున్న నల్లని ప్లాస్టిక్ కరిగించి లోపలి సిలికాన్ ముక్కను మైక్రోస్కోప్ కింద పెడతారు. రెండున్నర నెలలకు రిపోర్టు వచ్చింది. నాలుగు ఐసీలు ఎర్రాటాలో చెప్పినట్టే నడుచుకుంటున్నాయి. ఐదోది మాత్రం అదనపు వోల్టేజీ తగిలి కాలిపోయింది. పక్కనే ఫొటో. వెంట్రుక కంటే సన్నని లోహపు గీతలు కరిగి ముద్దకట్టి, మధ్యలో నల్లని గుంట. ఆ ఫొటో చూసినప్పుడు కలిగిన భావం చెప్పలేను. మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోకుండా ఐసీ తీసింది మేమే, ఎవరి చేయి అన్నది ఇప్పుడెందుకు, మార్పిడి చేసిన రాత్రి ఆ బెంచీ దగ్గర కూర్చున్నది నేనే.

ఇందాక దేవరకొండ రైతు సంగతి చెప్పాను కదా. కంపెనీ సపోర్టు మీద నేను పళ్లు నూరుతున్న రోజుల్లోనే ఒకసారి తట్టింది. ఆయన ఫోన్ చేసి డబ్బా మేలుకోవడం లేదంటే నేనేమన్నాను? మీ ఊళ్లో వోల్టేజీ సరిగా లేదేమో, ఆఫ్ చేసి ఆన్ చెయ్యి అన్నాను. డీకప్లింగ్ కెపాసిటర్ ఉందా చూడు అన్నవాడికీ నాకూ ఏం తేడా? పైగా ఆయన చెప్పిన మాటే అసలు ఆధారం. డబ్బా చెడిపోయింది అనలేదాయన. మేలుకుంటలేదు అన్నాడు. మూడు వారాలు కుస్తీ పట్టి మేం కనిపెట్టింది ఆ ఒక్క మాటే. నాలుగైదు రూపాయల రీసెట్ ఐసీ ఒకటి అదనంగా పెట్టి బోర్డులు సరిచేసి ఆర్టీసీ కార్గోలో పంపాం, ఆయనది మొట్టమొదట పంపాం. అప్పటికి ఆయన పంట సగం పోయింది. డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు, తర్వాత మా డబ్బా కూడా మళ్లీ కొనలేదు.

నకిలీల సంగతి కూడా ఒక్కమాట. 2021లో కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఐసీలు కొన్ని వేడెక్కి పోతుంటే దాని తయారీదారుకు ఫిర్యాదు పెట్టాం. వాళ్లు వీపు ఫొటో అడిగారు, చూసి మర్నాడే చెప్పారు, ఈ లాట్ నంబర్ మా లెక్కల్లో లేదు అని. చెవిదుద్ది పుల్లకు అసిటోన్ అద్ది ఐసీ వీపు రుద్దితే దూది నల్లగా వచ్చింది, కింద ఇంకో నంబర్ మసగ్గా కనబడింది. పాత సరుకుకు నల్లరంగు పూసి కొత్త పేరు అచ్చేశారు. గల్లీలో అందరూ అలాంటివాళ్లని అనను, నేను ఇప్పటికీ అక్కడ కనెక్టర్లు, రెసిస్టర్లు కొంటాను. ఐసీలు మాత్రం కొనను. నకిలీ మీద కోపం వచ్చి అసలు కంపెనీలు చేసే పనులు కూడా ఒక్కోసారి వినియోగదారుడి నెత్తినే పడతాయి. 2014లో యూఎస్‌బీ చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ (చిప్‌ను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) ఒకటి విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చి నకిలీ యూఎస్‌బీ చిప్పులను పనిచేయకుండా చేసింది. నకిలీ అని తెలియక కొన్నవాడు ఏం పాపం చేశాడు? గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారనుకోండి.

మన వైపు తప్పులే ఎక్కువని నాకు తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రోగ్రాం నడవకపోతే ఐసీ మీద తోసేవాళ్లను రోజూ చూస్తాను. పద్దెనిమిదేళ్లలో ఐసీ మీద నాకు బహుశా వందసార్లు అనుమానం వచ్చి ఉంటుంది, అందులో నిజంగా ఐసీలో ఏదో ఉందని తేలింది రెండుసార్లే. సపోర్టులో కూర్చున్నవాడు ముందు మనల్నే అనుమానించడంలో వింత లేదు. కానీ ఆ రెండుసార్లు కూడా ఉంటాయి కదా. ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్ల సంగతే చూడండి. ఆటలు ఆడేవాళ్లకు స్క్రీన్ మీద వీడియో మెమరీ చాలడం లేదని మెసేజ్ వచ్చేది. ఎవరైనా ఏమనుకుంటారు, గ్రాఫిక్స్ కార్డు పోయిందనే కదా. తప్పు ప్రాసెసర్‌దని, అది అవసరానికి మించి వోల్టేజీ అడిగి మెల్లగా దెబ్బతింటోందని ఒప్పుకుని 2024 ఆగస్టులో ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాంకు, అంటే మైక్రోకోడ్‌కు, సవరణ ఇచ్చారు, వారంటీ మరో రెండేళ్లు పెంచారు. అప్పటిదాకా కార్డులు మార్చుకున్నవాళ్ల డబ్బు ఎవరిస్తారు?

ఇంకో ఉదాహరణ కాస్త నయం. అదే 2024 ఆగస్టులో చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్ప్‌బెర్రీ పై కంపెనీ వాళ్లు ఆర్‌పీ2350 అనే కొత్త మైక్రోకంట్రోలర్ విడుదల చేశారు. బస్ పైరేట్ అనే పరీక్ష పరికరం చేసే ఇయాన్ లెస్నెట్, తన చిన్న బోర్డు మీద ఇన్‌పుట్ పిన్ను కిందికి దిగాల్సింది దిగకుండా రెండు వోల్టుల పైచిలుకు దగ్గర వేలాడుతోందని పట్టుకున్నాడు. కంపెనీ తన డేటాషీట్‌లోనే ఈ9 అన్న నంబర్‌తో ఆ లోపం రాసింది, బయట 8.2 కిలో ఓమ్‌లు లేదా అంతకంటే తక్కువ రెసిస్టర్ పెట్టుకోండి అని మందు కూడా చెప్పింది, 2025లో సరిచేసిన కొత్త రకం తెచ్చింది. ఏం, కంపెనీ పరువు పోయిందా? ఆ ఐసీ నేనే ఇప్పుడు ఒక బోర్డులో వాడుతున్నాను. ఏ రోగం ఉందో తెలిసిన ఐసీతో కాపురం చేయొచ్చు.

ఇప్పుడు మన ఫ్యాక్టరీల దగ్గరికి వస్తాను, అందుకే కదా ఇదంతా. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. అది సిలికాన్ మీద గీతలు గీసే ఫ్యాక్టరీ కాదు, ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ. అంటే సిలికాన్ ముక్కను తెచ్చి, సన్నని తీగలో బంతులో అతికించి, ప్లాస్టిక్ పోసి, పరీక్షించి పంపేది. చిన్న పని అనుకోకండి. తీగ అతుకు ఊడటం, ప్లాస్టిక్ పొర విడిపోవడం, లోపల తేమ చేరి సోల్డరింగ్ వేడికి పేలాల్లా పగలడం, ఇలాంటి జబ్బులు పుట్టేది ప్యాకేజింగ్ దగ్గరే. కాబట్టి రేపు ఎవరో ఎక్కడో "యువర్ ఐసీ ఈజ్ నాట్ వర్కింగ్" అని రాస్తే దాన్ని తెరిచి చదివేది మన పిల్లలే. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే, పరీక్షించే కంపెనీలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి, వాటిలో పనిచేసేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు, వాళ్లకూ కలిపే చెబుతున్నాను. అవతలివాడి ఇంగ్లిష్ చూసి, ఏడాదికి ఎన్ని కొంటాడో చూసి ఫిర్యాదు తూచకండి. తప్పొప్పుల పట్టిక వెబ్‌సైట్‌లో డేటాషీట్ పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో పెట్టండి. వారంలో జవాబు రాలేదని ఫిర్యాదు మూసేయకండి, ఇక్కడ మాకు ఒక పరీక్ష చేయడానికే వారం పడుతుంది. డిజైన్ మారిస్తే ఎవరైనా మెయిల్ ఐడీ ఇచ్చి మార్పు నోటీసు తెప్పించుకునే ఏర్పాటు ఉండాలి. కొన్ని కంపెనీలకు ఉంది, మిగతావాళ్లకు ఎందుకు లేదు?

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడుగుతున్నాను. ఫ్యాక్టరీలకు ఇచ్చే రాయితీల లెక్కలో ఒక మూల, చిన్న పరిశ్రమలు నామమాత్రపు ఫీజుకు ఐసీని ఎక్స్‌రే తీయించుకునే, తెరిచి చూపించుకునే పరీక్షాకేంద్రం ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి తిరుపతి వైపు పెట్టండి. విదేశానికి ఐదు ఐసీలు పంపి రెండున్నర నెలలు ఎదురుచూడటం ఎంత కష్టమో చెప్పాను.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని,
చర్లపల్లి, హైదరాబాద్.

తా.క.: అనుమానం ఉన్న ఐసీలను పరిశీలనకు పంపేటప్పుడు దయచేసి థర్మోకోల్‌కు గుచ్చి పంపకండి. పోయిన నెల మా పక్క షెడ్డాయన అలాగే పంపబోతుంటే ఆపాను, దారిలో రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటుకే సగం చచ్చిపోతాయి. స్టాటిక్ తగలనివ్వని వెండిరంగు కవర్లు నా దగ్గర ఒక కట్ట మిగిలి ఉన్నాయి. చర్లపల్లిలో ఎవరికైనా కావాలంటే సాయంత్రం ఆరు లోపు వచ్చి ఊరికే తీసుకెళ్లండి.